కౌన్సిల్ హాల్లో కెమెరా: నిబంధనలో ఏం రాస్తే పనికొస్తుంది?

విజయవాడ నగరపాలక సంస్థలో 64 డివిజన్లు, గుంటూరులో 57. కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు పేపరు తీస్తే ఎవరు పోడియం ముందు బైఠాయించారో, ఎవరు వాకౌట్ చేశారో ఫొటోతో సహా కనిపిస్తుంది. మీ వీధి కాలువ పని అజెండాలో ఎన్నో అంశంగా వచ్చింది, దాని మీద మీ కార్పొరేటర్ లేచి మాట్లాడారా, అంచనా పెంచుతుంటే ఎవరైనా అడ్డు చెప్పారా అన్నది మాత్రం దొరకదు. ఇందులో విలేకరుల లోపం లేదు. గంటల తరబడి సాగిన సమావేశాన్ని వాళ్లు జిల్లా పేజీలో నాలుగు కాలాల్లో ఇమడ్చాలి. పోనీ మినిట్స్ (సమావేశం నిర్ణయాలు రాసే పుస్తకం) చూద్దామంటే అందులో ఉండేది తీర్మానం: ‘ఆమోదించడమైనది’. ఆ మాట వెనక ఎంత చర్చ జరిగిందో, అసలు జరిగిందో లేదో ఆ పుస్తకం చెప్పదు.

అందుకే స్థానిక సంస్థల సమావేశాలను వీడియో తీసి జనానికి అందుబాటులో పెట్టాలన్న డిమాండు న్యాయమైనది. అయితే ‘సమావేశాలను వీడియో తీయవలెను’ అని జీవోలో ఒక్క వాక్యం రాస్తే పని జరగదు. వీడియో తీస్తారు. ఆ ఫైలు ఎవరి కంప్యూటర్లోనో పడి ఉంటుంది. అడిగితే ప్రారంభోపన్యాసం ముక్క ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఎన్ని రోజుల్లో పెట్టాలి, ఎంత పూర్తిగా పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎన్నేళ్లు ఉంచాలి, పెట్టకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్న అయిదు సంగతులు రాయని నిబంధన మమ అనిపించడానికే పనికొస్తుంది.

చట్టాలు ఎంతవరకు వచ్చాయి

మన నగరపాలక సంస్థలకు మూలం 1955 నాటి చట్టం, మున్సిపాలిటీలకు 1965 నాటిది, పంచాయతీలకు 1994 నాటిది. ఇవి రాసిన రోజుల్లో సమావేశానికి రుజువంటే మినిట్స్ పుస్తకమే. స్థానిక పాలన రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా కిందికి, 5వ అంశంగా వస్తుంది. కాబట్టి కార్పొరేషన్ కౌన్సిల్‌ను వీడియో తీయాలని మామూలుగా పార్లమెంటు శాసనం చేయదు. కేంద్రం చేతిలో ఉన్నది నిధులకు షరతు పెట్టడం. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు కావాలంటే లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలన్న షరతు ఇలా వచ్చిందే. వీడియోకూ ఆ దారి తెరిచే ఉంది.

మిగతా దారులు రాష్ట్రంలోనే ఉన్నాయి. శాసనసభ చట్టాన్ని సవరించవచ్చు, పురపాలక శాఖ ఉత్తర్వు ఇవ్వవచ్చు, లేదా కౌన్సిలే తీర్మానం చేసుకోవచ్చు. సవరణ గట్టిది, కానీ ఆలస్యం. తీర్మానం వచ్చే సమావేశంలోనే చేయవచ్చు, కానీ తర్వాతి పాలకవర్గం దాన్ని అంతే తేలిగ్గా పక్కన పెట్టేయగలదు. తీర్మానంతో మొదలుపెట్టి, ఆరు నెలలు నడిపి, లోటుపాట్లు తెలుసుకుని రాష్ట్రవ్యాప్త ఉత్తర్వుకు వెళ్లడమే మేలు. హాలు, మైకు, మనుషులు ఎలా ఉంటారో చూడకుండా సచివాలయంలో కూర్చుని రాసిన ఉత్తర్వులో సాంకేతిక లొసుగులు తప్పవు.

సమాచార హక్కు చట్టం ఇప్పటికే సగం దారి వేసింది. 2005 నాటి ఆ చట్టంలో సెక్షన్ 4(1)(బి)లోని 8వ అంశం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీల వివరాలు, వాటి సమావేశాలు ప్రజలకు తెరిచి ఉంటాయా, మినిట్స్ ప్రజలకు అందుతాయా అన్నది తనంతట తానే ప్రకటించాలి. సెక్షన్ 2(జె) వీడియో క్యాసెట్ల రూపంలో, ఇతర ఎలక్ట్రానిక్ రూపాల్లో సమాచారం పొందడాన్ని కూడా హక్కుగా చెప్పింది. కానీ ఆర్టీఐ కింద ఇచ్చేది ఉన్న రికార్డునే. తీయని వీడియోను ఏ కమిషనూ ఇప్పించలేదు. తీసి తీరాలన్న నిబంధన వేరుగా కావాలని అడిగేది ఇందుకే.

ఇలాంటి నిబంధన మనకు కొత్తేమీ కాదు. పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ నాలుగో అనుబంధంలో స్పష్టంగా రాశారు: కాలుష్య నియంత్రణ మండలి మొత్తం కార్యక్రమాన్ని వీడియో తీయించాలి, ఆ ప్రతిని నివేదికతో పాటు పంపాలి. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనికి అనుమతి కావాలన్నా ఇదే పద్ధతి. ‘మొత్తం’ అన్న మాట అందులో ఉండడం ముఖ్యం. షామియానా కింద రైతు అడిగిన ప్రశ్నను కత్తిరించి కంపెనీ ప్రతినిధి ప్రసంగం ఒక్కటే పంపడానికి వీల్లేకుండా చేసింది ఆ మాటే. గని తవ్వకం మీద అభిప్రాయ సేకరణకు వీడియో తప్పనిసరి అయినప్పుడు, ఇంటి పన్ను మీద కౌన్సిల్ చర్చకు ఎందుకు వద్దో చెప్పడం కష్టం.

గ్రామసభల విషయంలో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేరే బాట పట్టింది. జీఎస్ నిర్ణయ్ యాప్‌లో ఎక్కించే వీడియో నిడివి 2 నుంచి 15 నిమిషాలు. ముఖ్య నిర్ణయాలు చూపిస్తే చాలన్నది ఉద్దేశం. సభ జరిగిందనడానికి అది సాక్ష్యమే. సభలో ఏం జరిగిందనడానికి మాత్రం కాదు. ఏ 15 నిమిషాలు ఎంచాలో నిర్ణయించేది ఎవరి మీద ప్రశ్నలు వచ్చాయో వాళ్లే కదా. 2025 ఆగస్టులో వచ్చిన సభాసార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సభ ఆడియో, వీడియో ఇస్తే కృత్రిమ మేధతో మినిట్స్ ముసాయిదా తయారు చేసి ఇస్తుంది. పనికొచ్చే సాధనమే, కానీ మూల రికార్డు బయట ఉన్నప్పుడే ఆ ముసాయిదాను ఎవరైనా సరిచూడగలరు.

టెక్సస్ ఏం రాసుకుంది

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 2015లో తన బహిరంగ సమావేశాల చట్టాన్ని సవరించింది. 50 వేలు, ఆ పైన జనాభా ఉన్న నగరాలు తమ సాధారణ సమావేశాలను ఆడియోతో కూడిన వీడియోగా తీయాలి, 7 రోజుల్లోగా ఆన్‌లైన్లో పెట్టాలి, కనీసం రెండేళ్లు ఉంచాలి. ప్రకృతి విపత్తు వచ్చినా, సాంకేతిక లోపం తలెత్తినా మినహాయింపు ఉంది. ఆ తర్వాత వీలైనంత త్వరగా రికార్డును అందుబాటులోకి తెచ్చే బాధ్యత మాత్రం పోదు. విజయవాడ జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. డివిజన్‌కు సగటున 16 వేల మంది చొప్పున చూస్తే, నాలుగు డివిజన్లు కలిసినా టెక్సస్ పెట్టిన గీత దాటేస్తాయి.

ఇంగ్లండ్ 2014లో చేసింది మరొకటి. అక్కడి నిబంధనలు స్థానిక కౌన్సిళ్ల బహిరంగ సమావేశాలను పౌరులు, విలేకరులు చిత్రీకరించుకునే హక్కు ఇచ్చాయి. తీయాల్సిన భారం కౌన్సిల్ మీద పెట్టలేదు. ఈ రెండింటినీ మన చర్చల్లో తరచూ కలిపేస్తున్నారు. ఫోన్ తీసుకుని గ్యాలరీలో కూర్చోవడానికి పని మానుకుని రాగలిగిన వాళ్లుంటేనే పౌరుడి హక్కు పనిచేస్తుంది. మనకు రెండూ కావాలి: సంస్థ తీయాలి, పౌరుడు తీసుకుంటే ఆపకూడదు. సంస్థ వీడియోలో కోత పడిందేమో తేల్చడానికి రెండోదే ఆధారం.

మన దగ్గర పార్లమెంటు దృశ్యాలు టీవీకెక్కడం 1989లో రాష్ట్రపతి ప్రసంగంతో మొదలైంది. సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారాలకు 2018లో పచ్చజెండా ఊపి, 2022 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనాల వాదనలతో ఆరంభించింది. జనానికి అందరికన్నా దగ్గరగా ఉన్న సభే వెనకబడి ఉంది.

ఏ సమావేశాలు, ఏవి కావు

నగరపాలక సంస్థ అంటే కౌన్సిల్ ఒక్కటే కాదు. డబ్బు నిర్ణయాలు చాలా వరకు స్టాండింగ్ కమిటీలో తేలిపోతాయి. కౌన్సిల్ సాధారణ సమావేశానికి మాత్రమే కెమెరా అంటే, వివాదాస్పద అంశాలు నెమ్మదిగా కెమెరా లేని గదిలోకి జారుకుంటాయి. కాబట్టి స్టాండింగ్ కమిటీ, బడ్జెట్ సమావేశం, అత్యవసర సమావేశం, వార్డు కమిటీలను నిబంధనలో పేరుపేరునా రాయాలి. సిబ్బంది క్రమశిక్షణ చర్యలు, కోర్టు కేసుల్లో లాయరు సలహా, తెరవని టెండర్ల వంటి వాటికి తలుపులు మూయవచ్చు. అప్పుడు కూడా ఏ కారణంతో మూస్తున్నారో కెమెరా ముందు ప్రకటించి మూయాలి, తెరిచాక నిర్ణయం చదవాలి.

జిల్లా పరిషత్‌ల సంగతి వేరు. ఉమ్మడి కృష్ణా జడ్పీ మచిలీపట్నంలో ఉంది. తిరువూరు నుంచి ఒక ఓటరు సర్వసభ్య సమావేశం చూడాలంటే విజయవాడ దాకా వచ్చి, అక్కడి నుంచి మరో డెబ్బై కిలోమీటర్లు పోవాలి. సమావేశం బహిరంగమే అని చెప్పుకోవడానికీ ఆ మనిషి నిజంగా చూడగలగడానికీ మధ్య దూరం అంత.

సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికను ఈ లెక్కలో కలపకూడదు. అక్కడికొచ్చేది పింఛను ఆగిన వృద్ధురాలు, కొడుకులు ఇంట్లోంచి గెంటేసిన తండ్రి. అది అర్జీల స్వీకరణ, పాలకమండలి చర్చ కాదు. ఎన్ని అర్జీలొచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్న పట్టిక బయటపెడితే చాలు. మనుషుల ముఖాలు అక్కర్లేదు.

ఇక ఎవరూ రాయని చిక్కు ఒకటుంది: ప్రత్యేకాధికారి పాలన. 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 దాకా గుంటూరుకు ఎన్నికైన కౌన్సిలే లేదు. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటితో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, పైపులైన్ల మార్పు ఎందుకు ఆలస్యమైందని నిలదీయడానికి కార్పొరేటర్ లేడు, నిలదీసే సభ లేదు. ప్రత్యేకాధికారి సంతకంతో తీర్మానం అయిపోతుంది. సమావేశమే లేనప్పుడు వీడియో ఎక్కడిది? కౌన్సిల్ లేని కాలంలో, కౌన్సిల్ అధికారంతో తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ అజెండా నోట్‌తో సహా ముందుగా వెబ్‌సైట్లో పెట్టాలి, నెలకోసారి బహిరంగ విచారణ జరిపి దాన్ని వీడియో తీయాలి అని నిబంధనలో ఉంటే తప్ప ఈ ఖాళీ పూడదు.

బొమ్మ కన్నా ముందు మాట వినిపించాలి

సమావేశం వీడియోల్లో పాడయ్యేది చాలావరకు శబ్దమే. ముప్పై అడుగుల దూరంలో ట్రైపాడ్ మీద పెట్టిన కెమెరా లోపలి మైకు ఫ్యాన్ల హోరు, గోడల ప్రతిధ్వని, దగ్గరున్న ఇద్దరి గుసగుసలు బాగా పట్టుకుంటుంది. మాట్లాడే కార్పొరేటర్ గొంతు వాటి కింద పడిపోతుంది. కౌన్సిల్ హాల్లో సభ్యుల ముందు మైకులు ఎలాగూ ఉంటాయి. ఆ మైకులన్నీ చేరే మిక్సర్ నుంచి లైన్ అవుట్ తీసి నేరుగా రికార్డరుకు ఇవ్వాలి. లైన్ అవుట్‌ను తీసుకెళ్లి కెమెరా మైక్ సాకెట్‌లో గుచ్చితే శబ్దం పగిలిపోతుంది, లైన్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేసు వాడాలి. గట్టిగా మాట్లాడినప్పుడు లెవెల్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్ మధ్య ఆడేలా చూసుకుంటే, ఒక్కసారిగా అరుపులు లేచినా తట్టుకుంటుంది. మిక్సరుకు ఒక ప్లగ్గు నుంచి, రికార్డింగ్ కంప్యూటరుకు మరో ప్లగ్గు నుంచి కరెంటు ఇస్తే ‘మ్‌మ్’ అని హమ్ వచ్చే అవకాశముంది. రెండింటికీ ఒకే యూపీఎస్ నుంచి ఇవ్వాలి, అప్పటికీ పోకపోతే మధ్యలో ఆ హమ్‌ను ఆపే చిన్న పరికరం, గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కాన్ఫరెన్స్ మైకు వ్యవస్థల్లో అధ్యక్ష స్థానం యూనిట్‌కు ప్రాధాన్య బటన్ ఉంటుంది. అది నొక్కితే మిగతా మైకులు ఆగిపోతాయి. మిక్సర్ ఆడియో ఒక్కదాన్నే నమ్ముకుంటే, మైకు కట్ చేసిన క్షణం నుంచి ప్రతిపక్ష సభ్యుడు పెదాలు కదుపుతూ ఉంటాడు, వీడియోలో అధ్యక్షుల గొంతు తప్ప ఏదీ వినిపించదు. రేపు ఎవరైనా చూస్తే ఆయన అసలేమీ అనలేదనుకుంటారు. దీనికి విరుగుడు హాలు పైకప్పు నుంచి వేలాడే రెండు మైకులు. వాటి శబ్దాన్ని వేరే ట్రాక్‌లో, ఎవరూ కట్ చేయలేని విధంగా రికార్డు చేయాలి. ‘మిక్సర్ ట్రాక్, హాలు ట్రాక్ రెండూ భద్రపరచాలి’ అన్న ఈ ఒక్క వాక్యం నిబంధనలో ఉందో లేదో చూస్తే, రాసినవాళ్లకు కౌన్సిల్ హాలు తెలుసో లేదో తెలిసిపోతుంది.

కెమెరాలు రెండు చాలు. ఒకటి కదలకుండా హాలంతా కనిపించేలా ఉండాలి. ఓటింగుకు చేతులెత్తినప్పుడు లెక్కపెట్టుకోగలగాలి, కోరం ఉందో లేదో తెలియాలి. ఇంకొకటి మాట్లాడేవాళ్ల వైపు తిప్పి, దగ్గరగా చూపగలిగే పీటీజెడ్ (పాన్, టిల్ట్, జూమ్) కెమెరా. సీట్ల వరసలకు ముందే ప్రీసెట్లు పెట్టుకుంటే ఒక్క ఆపరేటరు నడపగలడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టాలి. లేకపోతే ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. హాల్లో సీసీ కెమెరాలు ఉన్నాయి కదా అనే వాదన వస్తుంది. వాటిలో చాలావరకు శబ్దం ఉండదు, కొన్ని వారాలకే పాత దాని మీద కొత్తది రాసుకుంటూ పోతాయి. అది కాపలా కోసం పెట్టింది, రికార్డు కోసం కాదు.

గ్రామసభలో ఇంత సరంజామా ఉండదు, అక్కర్లేదు కూడా. ఫోన్‌ను అడ్డంగా స్టాండుకు బిగించి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పవర్ బ్యాంకు తగిలించి, నీడలో ఉంచాలి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. ఎండకు వేడెక్కినా ఆగిపోతుంది. శబ్దం కోసం రెండో ఫోన్‌ను మైక్‌సెట్టు బాక్సుకు మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టి వాయిస్ రికార్డరు నడపాలి. జనంలోంచి లేచి అడిగే మనిషికి కార్డ్‌లెస్ మైకు అందించే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మైకు సర్పంచి బల్ల దగ్గరే ఉండిపోతే రికార్డులో జవాబులే ఉంటాయి, ప్రశ్నలు ఉండవు.

ఫైలు ఎక్కడ, ఎంతకాలం

ఖర్చు అనే అభ్యంతరం లెక్క వేస్తే నిలవదు. 1080పీ వీడియోను 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) చొప్పున తీస్తే గంటకు 2.25 జీబీ. నెలకో సమావేశం, ఒక్కోటి అయిదు గంటలు అనుకుంటే ఏడాదికి 60 గంటలు, అంటే 135 జీబీ. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో ఏడేళ్ల కౌన్సిల్ పడుతుంది. రెండు ప్రతులకు రెండు డిస్కులు కావాలి, అవి వేర్వేరు భవనాల్లో ఉండాలి. బరువు రాష్ట్ర స్థాయిలో కనిపిస్తుంది. 2024 ఆగస్టు 23న ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిపారు. అలాంటి రోజున ఒక్కో సభను రెండు గంటలు, 720పీలో 2.5 ఎంబీపీఎస్‌తో తీస్తే మొత్తం దాదాపు 30 టెరాబైట్లు. అందరూ అదే సాయంత్రం ఎక్కించడానికి కూర్చుంటే లైన్లు మొరాయిస్తాయి. కాబట్టి పంచాయతీలకు ఏడు రోజుల గడువు, మండల స్థాయిలో కాపీ చేసుకునే ఏర్పాటు ఉండాలి. నగరపాలక సంస్థలకు మాత్రం ప్రత్యక్ష ప్రసారంతో పాటు 48 గంటల్లో పూర్తి ఫైలు పెట్టడం అసాధ్యమేమీ కాదు.

యూట్యూబ్ మంచి మాధ్యమమే, భద్రపరిచే చోటు మాత్రం కాదు. ఛానల్‌ను ఎవరో కాంట్రాక్టు ఆపరేటరు తన సొంత మెయిల్‌తో తెరుస్తాడు. అతను మానేశాక పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, వీడియోలు తీసేసినా అడిగే దిక్కుండదు. ఖాతా సంస్థ అధికారిక మెయిల్‌తో, కనీసం ఇద్దరు అధికారుల అదుపులో ఉండాలి. కొత్త ఛానల్‌లో ప్రత్యక్ష ప్రసారం మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది, సమావేశం పొద్దున ప్రయత్నిస్తే కుదరదు. సభ మొదట్లో సీడీ పెట్టి వినిపించే పాట మీద కాపీరైట్ క్లెయిమ్ పడి ఆ భాగం మూగబోవచ్చు, ప్రసారమే ఆగిపోవచ్చు. పాట అయ్యాక ప్రసారం మొదలుపెట్టడమో, నోటితో పాడించడమో మంచిది.

వీడియో పెట్టడంతోనే అయిపోదు. అయిదు గంటల ఫైలులో తన వీధి సంగతి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. అజెండా అంశాల వారీగా సమయ సూచిక రాయాలి: ‘0:00 ప్రారంభం, 0:14 ప్రశ్నోత్తరాలు, 1:52 జీరో అవర్, 2:40 అంశం 17’. సమావేశం సాగుతుండగానే ఒక జూనియర్ అసిస్టెంటు కాగితం మీద సమయాలు వేసుకుంటూ పోతే సాయంత్రానికి సిద్ధం. యంత్రం రాసిన తెలుగు పాఠం వెతుకులాటకు ఉపయోగపడుతుంది. కానీ గోలలో లక్షలు, కోట్లు, ఇంటిపేర్లు, పేటల పేర్లు తప్పు పడతాయి కాబట్టి దాన్ని రికార్డుగా చూపకూడదు.

ఈ సూచికలో ముందుగా బయటపడేది టేబుల్ అజెండా. ముందు ఇచ్చిన జాబితాలో లేని అంశాలు సమావేశం రోజున బల్ల మీదికి వస్తాయి, చివర్లో ‘ఫలానా నుంచి ఫలానా వరకు అన్నీ ఆమోదం’ అని ఒక్క ఊపులో అయిపోతాయి. వీడియో పక్కన అసలు అజెండా, అనుబంధ అజెండా, టేబుల్ అంశాలు మూడూ వేర్వేరుగా పెడితే ఏ అంశానికి ఎన్ని నిమిషాలు కేటాయించారో చదువుకున్న పిల్లవాడు కూడా లెక్కగట్టగలడు.

ఎన్నేళ్లు ఉంచాలి? టెక్సస్ రెండేళ్లు మనకు సరిపోవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. బుడమేరు 2005లోనూ ముంచింది. కాలువ పూడిక, ఆక్రమణలు, గండ్ల గురించి ఏయే సంవత్సరాల్లో ఎవరు హెచ్చరించారు, ఏం హామీ ఇచ్చారు అని వెనక్కి తిరిగి చూడాలంటే రెండేళ్ల నిల్వతో ఏం తెలుస్తుంది? కనీసం రెండు పాలకవర్గాల కాలం, పదేళ్లు, ఆన్‌లైన్లో ఉంచాలి. ఆపైన శాశ్వత నిల్వకు పంపాలి.

ఫైలు మారలేదని రుజువు కూడా కావాలి. సమావేశం ముగిసిన అరగంటలో మూల ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు) తీసి, ఆ 64 అక్షరాల వరసను మినిట్స్‌లో రాసి సంతకం చేయాలి. వీడియోలో ఒక్క సెకను కోసినా ఆ వరస మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రం కూడా హ్యాష్ విలువ అడుగుతుంది. ముందే రాసి పెట్టుకుంటే కోర్టులో తగాదా ఉండదు.

అభ్యంతరాల్లో నిజం ఎంత

కెమెరా ముందు అందరూ ఉపన్యాసాలు దంచుతారు అంటారు. నిజమే, కొంత జరుగుతుంది. అందుకు మందు మాట్లాడే సమయానికి హద్దు పెట్టడం, తెర మీద గడియారం చూపడం. అంతకన్నా బలమైన అభ్యంతరం పరువునష్టం గురించి. ఎంపీలకు 105వ అధికరణ, ఎమ్మెల్యేలకు 194వ అధికరణ సభలో అన్న మాటలకు రక్షణ ఇస్తాయి. కార్పొరేటర్లకు, ఎంపీటీసీలకు, సర్పంచులకు రాజ్యాంగంలో అలాంటి రక్షణ లేదు. వీడియో ఊరంతా తిరిగితే, అవినీతి అని వేలెత్తి చూపిన సభ్యుడి మీద నోటీసు రావచ్చు. ఈ భయం నిజాయతీగా మాట్లాడేవాళ్లనే ముందు నోరు నొక్కుతుంది. చట్టాన్ని సవరించేటప్పుడు, సదుద్దేశంతో సభలో అజెండా అంశంపై అన్న మాటకు పరిమిత రక్షణ కూడా చేర్చాలి. రెండూ కలిసి రావాలి.

గోప్యత ఎక్కువగా గ్రామసభల్లో, వార్డు సభల్లో చిక్కు పెడుతుంది. లబ్ధిదారుల జాబితా చదువుతూ ఫలానా ఆమెకు ఫలానా జబ్బు అని మైకులో చెప్పేస్తారు, ఆధార్ నంబర్లున్న కాగితాలు కెమెరాకు ఎదురుగా పట్టుకుంటారు. జబ్బు, ఆధార్, బ్యాంకు వివరాలు మైకులో చదవకూడదని ముందే ఆదేశమివ్వాలి. పొరపాటున వచ్చేస్తే బయటపెట్టే ప్రతిలో ఆ మాటను మూగ చేసి, ఏ నిమిషంలో ఎందుకు చేశామో పక్కన రాయాలి. మూల ఫైలును ముట్టుకోకూడదు. వీడియో తీస్తున్నామన్న బోర్డు గుమ్మం దగ్గర ఉండాలి. ముఖం కనిపించడం ఇష్టంలేని పౌరులకు కెమెరా అందని వైపు కుర్చీలు వేయాలి.

తీర్మానంలో ఏం రాయాలి

కార్పొరేటర్ ఎవరైనా ముందుకొస్తే ముసాయిదా ఇలా ఉండవచ్చు: ‘కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, వార్డు కమిటీల ప్రతి సమావేశాన్ని ప్రారంభం నుంచి ముగింపు వరకు, విరామాలు తప్ప, అంతరాయం లేకుండా శబ్దంతో సహా వీడియో తీయాలి. మిక్సర్, హాలు శబ్దాలను వేర్వేరుగా భద్రపరచాలి. 48 గంటల్లో ఎడిట్ చేయని పూర్తి వీడియోను, అంశాల సమయ సూచికను, మూడు రకాల అజెండాలను సంస్థ వెబ్‌సైట్లో ఉంచాలి. పదేళ్లు తొలగించరాదు. బాధ్యత సెక్రటరీది. రికార్డింగ్ ఆగితే అధ్యక్షులు సభను ఆపాలి. పదిహేను నిమిషాల్లో సరికాకపోతే ప్రత్యామ్నాయ పరికరంతో కొనసాగించి, ఆ విషయం మినిట్స్‌లో నమోదు చేయాలి. సభికులు, విలేకరులు సభకు ఆటంకం కలగకుండా తమ పరికరాలతో చిత్రీకరించుకోవచ్చు.’ సభను ఆపాలన్న వాక్యాన్ని బేరంలో వదులుకోకూడదు. టెక్సస్ తరహా సాంకేతిక లోపం మినహాయింపు మన దగ్గర నెలనెలా వచ్చే సాకుగా మారకుండా చూసేది అదే.

తీర్మానం వచ్చేలోపు ఆర్టీఐ ఉంది. రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. సమావేశం తేదీ వేసి నాలుగు సంగతులు అడగండి: ఆ రోజు తీసిన వీడియో, ఆడియో పూర్తి ప్రతి, అది ఏ పరికరంలో, ఎవరి అధీనంలో ఉంది, వీడియోగ్రాఫరుకు, మైక్‌సెట్టుకు చెల్లించిన బిల్లులు, ఓచర్లు, హాల్లో సీసీ కెమెరా ఫుటేజీ ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది. సీసీ ఫుటేజీ చెరిగిపోయే అవకాశం ఉంది కాబట్టి భద్రపరచమని కోరుతూ అదే రోజు కమిషనరుకు విడిగా లేఖ ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వీడియో లేదని చెప్పి బిల్లు మాత్రం చూపించినా, మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లడానికి 90 రోజుల గడువు ఉంటుంది. బిల్లు ప్రతిని ఆ అప్పీలుకు జత చేయండి.